నితీశ్ కుమార్ రెడ్డి: మెల్‌బోర్న్ శతకం తర్వాత అతన్ని ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో టెస్టులో నితీశ్ కుమార్ రెడ్డి శతకం పూర్తి చేసిన రోజున క్రికెట్ అంటే ప్రాణం పెట్టే తెలుగువారందరూ ఎంత పొంగిపోయారో ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు. విశాఖపట్నంలో పుట్టి పెరిగిన 21 ఏళ్ల కుర్రవాడు, ఎనిమిదో స్థానంలో బ్యాటింగుకు దిగి, కమిన్స్, స్టార్క్, బోలాండ్, లయన్‌లను ఎదుర్కొని 114 పరుగులు చేయడం మామూలు విషయం కాదు. అయితే ఆ తర్వాత జరిగినదంతా చూస్తే నాలో ఒక సందేహం పెరుగుతూ వస్తోంది.

అతను భారత్ తరఫున టెస్టులు, వన్డేలు, టీ20లు మూడూ ఆడాడు. కానీ ఏ ఒక్క ఫార్మాట్‌లోనూ ఇది నా చోటు అని గట్టిగా చెప్పుకునే స్థితికి ఇంకా రాలేదు. బ్యాట్స్‌మన్‌గా చూస్తే మెల్‌బోర్న్ తర్వాత టెస్టుల్లో మళ్లీ పెద్ద స్కోరు రాలేదు. బౌలర్‌గా చూస్తే కెప్టెన్ అతని చేతికి బంతి ఇవ్వడమే అరుదైపోయింది. మధ్యలో గాయాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడ్డాయి. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు అతన్ని 6 కోట్ల రూపాయలకు అట్టిపెట్టుకుంది కానీ, 2025 ఐపీఎల్ సీజన్ అతనికి కలిసిరాలేదు.

నేను తెలుసుకోదలచినవి రెండు. ఆ శతకం అతని అసలు స్థాయికి కొలమానమా, లేక పరిస్థితులన్నీ కలిసివచ్చి ఒక్కసారి జరిగిన అద్భుతమా? అతన్ని బౌలింగ్ కూడా చేయగల బ్యాట్స్‌మన్‌గా చూడాలా, పూర్తిస్థాయి పేస్ ఆల్‌రౌండర్‌గా చూడాలా? అభిమానాన్ని కాస్త పక్కన పెట్టి, ఆటను దగ్గరగా చూసినవారు వివరంగా రాస్తే సంతోషిస్తాను.


మొదటి సమాధానం

మీ మొదటి సందేహానికి నా జవాబు సూటిగానే చెబుతాను: అది గాలివాటుగా వచ్చిన శతకం కాదు. చాలామంది నితీశ్‌ను 2024 ఐపీఎల్‌లోనే మొదటిసారి చూశారు కాబట్టి అతన్ని సిక్సర్లు కొట్టే టీ20 ఆటగాడిగా గుర్తుపెట్టుకున్నారు. ఆ సీజన్‌లో ముల్లాన్‌పుర్‌లో పంజాబ్‌పై 37 బంతుల్లో 64, హైదరాబాద్‌లో రాజస్థాన్‌పై 42 బంతుల్లో అజేయంగా 76 చేసి, మొత్తం 303 పరుగులతో ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు అందుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో గ్వాలియర్‌లో తొలి టీ20, ఆ వెంటనే ఢిల్లీలో బంగ్లాదేశ్‌పై 34 బంతుల్లో 74 పరుగులు, రెండు వికెట్లు. ఇవన్నీ చూసినవారికి అతను ధాటిగా ఆడేవాడిగా మాత్రమే కనిపించడం సహజమే.

కానీ ఆంధ్ర జూనియర్ క్రికెట్‌ను అనుసరించేవారికి అతని పేరు అంతకు చాలా ముందే తెలుసు. 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో అతను 176కు పైగా సగటుతో 1,237 పరుగులు చేశాడు. నాగాలాండ్‌పై ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441 కొట్టాడు. అదే టోర్నీలో 26 వికెట్లు కూడా తీశాడు. ఆ ఏడాది దేశంలో ఉత్తమ అండర్-16 ఆటగాడిగా బీసీసీఐ అతనికి జగ్‌మోహన్ దాల్మియా అవార్డు ఇచ్చింది. నాగాలాండ్ బౌలింగ్ బలహీనమని ఎవరైనా అనవచ్చు, అది నిజమే కూడా. అయినా పద్నాలుగేళ్ల పిల్లవాడు ఎంత బలహీనమైన బౌలింగ్ మీదనైనా నాలుగు వందలు దాటేదాకా క్రీజులో నిలబడాలంటే, నూరు దాటాక తృప్తిపడని మనసు, రెండు వందలు దాటాక సడలని ఏకాగ్రత కావాలి. రోజంతా బ్యాటింగ్ చేయాలనే ఆకలి అతనికి ఐపీఎల్ కంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉంది.

ఇక ఆ ఆస్ట్రేలియా సిరీస్‌ను మొదటి నుంచి చూడండి. పెర్త్‌లో కోహ్లీ చేతుల మీదుగా టెస్టు క్యాప్ అందుకున్న రోజునే, భారత్ 150 పరుగులకు కుప్పకూలిన ఇన్నింగ్స్‌లో 41 పరుగులతో అతనే టాప్ స్కోరర్. రెండో ఇన్నింగ్స్‌లో డిక్లేర్ చేయడానికి ముందు వేగంగా 38 నాటౌట్. అడిలైడ్‌లో గులాబీ బంతితో జరిగిన టెస్టులో 42, 42. రెండు ఇన్నింగ్స్‌లలోనూ జట్టులో అత్యధిక స్కోరు అతనిదే. అంటే మెల్‌బోర్న్‌కు రాకముందే, తన మొదటి రెండు టెస్టుల్లోనే, సీనియర్లు తడబడిన చోట అతను మూడుసార్లు అందరికంటే ఎక్కువ పరుగులు చేశాడు. సిరీస్ ముగిసేసరికి 298 పరుగులతో భారత్ తరఫున యశస్వి జైస్వాల్ తర్వాత రెండో స్థానంలో నిలిచాడు.

మెల్‌బోర్న్ ఇన్నింగ్స్ గురించి కొంచెం వివరంగా రాయకుండా ఉండలేను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ఆస్ట్రేలియా 474 చేసింది. ఫాలో ఆన్, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగుకు దిగవలసిన పరిస్థితి, తప్పించుకోవాలంటే మనకు 275 కావాలి. మూడో రోజు ఉదయం 191 వద్ద పంత్ ఔటయ్యాడు, 221 వద్ద జడేజా వెనుదిరిగాడు. అప్పుడు వాషింగ్టన్ సుందర్ వచ్చి కలిశాడు. సుందర్ 162 బంతులాడి 50 పరుగులు చేశాడు, అందులో ఫోర్ ఒక్కటే. ఇద్దరూ ఎనిమిదో వికెట్‌కు 127 పరుగులు జోడించారు. ఆ భాగస్వామ్యంలో నేను ప్రత్యేకంగా గమనించినది నితీశ్ ఆటలో వేగం మారిన తీరు. బోలాండ్ లెంగ్త్ తప్పకుండా వేస్తున్నంతసేపు బంతిని శరీరానికి దగ్గరగా, కళ్ల కిందకు వచ్చాకే ఆడాడు. ఆఫ్‌స్టంప్ బయటి బంతులను వదిలేశాడు. ఆఫ్‌స్పిన్నర్ లయన్ వచ్చినప్పుడు మాత్రం పాదాలు కదిపాడు. కొత్త బంతి వచ్చాక కూడా తొందరపడలేదు. టీ20 అలవాటుతో ఆడేవాడైతే నలభైలలోనో యాభైలలోనో ఒక షాట్‌కు ఆశపడి ఔటయ్యేవాడు.

సుందర్ ఔటయ్యాక బుమ్రా కూడా పరుగులేమీ చేయకుండానే కమిన్స్ బౌలింగ్‌లో వెనుదిరిగాడు. నితీశ్ 99 మీద, అవతలి ఎండ్‌లో. చివరి బ్యాట్స్‌మన్ సిరాజ్ ఆ ఓవర్లో మిగిలిన మూడు బంతులు ఎదుర్కోవాలి. స్టాండ్స్‌లో తండ్రి ముత్యాల రెడ్డి గారు చేతులు జోడించి కళ్లు మూసుకున్న దృశ్యం అందరూ చూశారు. సిరాజ్ ఆ మూడు బంతులనూ ఎలాగో అడ్డుకున్నాడు. మరుసటి ఓవర్లో బోలాండ్ బంతిని నితీశ్ మిడాన్ మీదుగా లేపి బౌండరీకి పంపాడు. ఒక పరుగు కోసం తంటాలు పడవలసిన చోట, ఫీల్డర్లు దగ్గరికి వచ్చి నిలబడ్డారని చూసి, నేరుగా వారి తలల మీదుగా కొట్టాలని నిర్ణయించుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. ఓపిక ఎక్కడ అవసరమో, తెగువ ఎక్కడ అవసరమో తెలిసినవాడి ఇన్నింగ్స్ అది.


రెండో సమాధానం

పై సభ్యుడు బ్యాటింగ్ గురించి రాసినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను జిల్లా లీగుల్లో చాలా ఏళ్లు మీడియం పేస్ వేసినవాడిని కాబట్టి మీ రెండో ప్రశ్నకు బౌలర్ కోణం నుంచి జవాబు చెబుతాను.

నితీశ్ గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగంతో బౌలింగ్ చేస్తాడు. ఆ వేగం ఉన్న బౌలర్‌కు పిచ్ నుంచి గాని, గాలి నుంచి గాని, బంతి మీది సీమ్ నుంచి గాని సాయం అందాలి. అతని తొలి టెస్టు వికెట్ పెర్త్‌లో మిచెల్ మార్ష్‌ది. బంతి బ్యాట్ అంచు తగిలి వికెట్ల మీదికి వెళ్లింది. అడిలైడ్‌లో అర్ధశతకం చేసి కుదురుకున్న లబుషేన్‌ను ఔట్ చేశాడు. సిడ్నీలో వరుసగా కమిన్స్, స్టార్క్‌లను పెవిలియన్ పంపాడు. ఇవన్నీ పేస్ బౌలింగ్‌కు అనుకూలమైన మైదానాలే.

2025 జులైలో లార్డ్స్‌లో అతను వేసిన మొదటి ఓవర్‌ను నేను చాలాసార్లు మళ్లీ మళ్లీ చూశాను. బుమ్రా, సిరాజ్, ఆకాశ్ దీప్ కొత్త బంతితో గంటసేపు శ్రమించినా వికెట్ పడలేదు. నితీశ్ వచ్చి ఒకే ఓవర్లో ఇంగ్లండ్ ఓపెనర్లు డకెట్, క్రాలీ ఇద్దరినీ ఔట్ చేశాడు. డకెట్ వికెట్ లెగ్ సైడ్ వెళుతున్న బంతికి పడింది, అందులో అదృష్టం ఉందని ఒప్పుకుంటాను. క్రాలీకి వేసిన బంతి మాత్రం అసలైన బంతి. మంచి లెంగ్త్‌లో పడి, బయటికి కదిలి అంచు తాకింది, పంత్ పట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో అతను పదిహేనుకు పైగా ఓవర్లు వేశాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ క్రాలీని తీశాడు. ఆ రోజు ఆట ముగిశాక అతను మాట్లాడుతూ, ఆస్ట్రేలియా పర్యటన తర్వాత తన బౌలింగ్‌లో నిలకడ రావాలని భావించానని, ఐపీఎల్‌లో తన కెప్టెన్ కమిన్స్‌ను సలహా అడిగానని, బౌలింగ్ కోచ్ మోర్నీ మోర్కెల్‌తో కలిసి పనిచేస్తున్నానని చెప్పాడు. ఆ పని ఫలించడం మనం కళ్లారా చూశాం.

ఇక స్వదేశానికి రండి. 2025 అక్టోబరులో అహ్మదాబాద్‌లో వెస్టిండీస్‌పై తొలి ఇన్నింగ్స్‌లో నాలుగు ఓవర్లు వేశాడు, అంతే. ఢిల్లీ టెస్టులో రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి వెస్టిండీస్ 200 ఓవర్లు ఆడితే, నితీశ్‌కు ఒక్క ఓవర్ కూడా దక్కలేదు. జైస్వాల్ సైతం ఒక ఓవర్ వేశాడు. ఇందులో కెప్టెన్ శుభ్‌మన్ గిల్ తప్పు ఉందని నేను అనను. జడేజా, కుల్దీప్, సుందర్ ముగ్గురు స్పిన్నర్లు జట్టులో ఉన్నప్పుడు, పిచ్ నెమ్మదిగా ఉన్నప్పుడు, బంతి పాతబడి రివర్స్ స్వింగ్ కావాలంటే 140 వేగం కావలసి వచ్చినప్పుడు, మూడో పేసర్‌కు పని ఉండదు. అయితే పని లేని చోట అతన్ని ఆల్‌రౌండర్ పేరుతో ఆడించడం వల్ల అతనికే నష్టం జరుగుతోంది.

ఎందుకంటే పేస్ బౌలర్ శరీరం ఓవర్లు వేస్తేనే తయారవుతుంది. వ్యాయామశాలలో ఎంత బరువు ఎత్తినా, రోజుకు పదిహేను ఓవర్లు వేసి, మర్నాడు లేచి మళ్లీ వేసే సత్తువ దానితో రాదు. నాలుగు రోజుల మ్యాచ్‌లలో వరుసగా వేస్తూ పోతే పక్కటెముకల కండరాలు, నడుము, మోకాళ్లు ఆ ఒత్తిడికి అలవాటు పడతాయి. వారాల తరబడి ఖాళీగా ఉండి ఒక్కసారిగా భారం పెంచితే ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. నితీశ్ గాయాల వరుస చూడండి. 2024 జులైలో జింబాబ్వే పర్యటనకు తొలిసారి ఎంపికై గాయంతో వెళ్లలేకపోయాడు. 2025 జనవరిలో ఇంగ్లండ్‌తో టీ20 సిరీస్ మధ్యలో పక్కటెముకల కండరాలు పట్టేశాయి. పేసర్లకు తరచుగా వచ్చే గాయం అది. ఇంగ్లండ్ పర్యటనలో లార్డ్స్ టెస్టు తర్వాత మోకాలి గాయంతో ఇంటికి వచ్చేశాడు. అక్టోబరులో పెర్త్‌లో వన్డే అరంగేట్రం చేసిన వారం లోపే తొడ కండరం ఇబ్బంది పెట్టింది. ఏ గాయానికి ఏది కారణమో వైద్యులే చెప్పాలి కానీ, ఒక్క సీజన్ అయినా తెరపి లేకుండా బౌలింగ్ చేసే అవకాశం ఈ కుర్రవాడికి దొరకలేదన్నది మాత్రం మన కళ్ల ముందున్న విషయం.

కపిల్ దేవ్ 434 టెస్టు వికెట్లు, 5 వేలకు పైగా పరుగులతో రిటైరయ్యాక, మన దేశం పేస్ ఆల్‌రౌండర్ కోసం ఎదురుచూస్తూనే ఉంది. హార్దిక్ పాండ్యా ఆ ఆశ కల్పించాడు కానీ 11 టెస్టుల తర్వాత, 2018 నుంచి, ఎర్రబంతితో ఆడే టెస్టుల వైపు రాలేకపోయాడు. అతని నడుమే అందుకు అడ్డుపడింది. ఆ అనుభవం ఉండి కూడా నితీశ్ విషయంలో తొందరపడితే ఎవరిని అనాలి?


మూడో సమాధానం

ఈ చర్చలో అతని ఇంటి సంగతి కూడా కొంత రావాలని నాకు అనిపించింది, ఎందుకంటే అది ఆటకు సంబంధం లేని విషయం కాదు.

ముత్యాల రెడ్డి గారు విశాఖలో హిందూస్థాన్ జింక్ ఉద్యోగి. సంస్థ ఆయన్ను ఉదయ్‌పుర్‌కు బదిలీ చేసినప్పుడు, అక్కడికి వెళితే కొడుకు ఆట ఆగిపోతుందని, ఇంకా ఎన్నో ఏళ్ల సర్వీసు ఉండగానే ఉద్యోగం వదులుకున్నారు. తర్వాత ఇల్లు గడవడం కష్టమైంది. చిన్నప్పుడు తాను ఆటను అంత గట్టిగా తీసుకోలేదని, ఒకరోజు డబ్బు ఇబ్బందులతో తండ్రి కంటతడి పెట్టడం చూశాక మారిపోయానని, తన మొదటి జెర్సీ తెచ్చి తండ్రికే ఇచ్చానని నితీశ్ స్వయంగా చెప్పాడు. ఆంధ్ర క్రికెట్ సంఘంలో ఎమ్మెస్కే ప్రసాద్ గారు ఈ పిల్లవాడిని గుర్తించి అండగా నిలవడం కూడా అతని అదృష్టం. శతకం తర్వాత సంఘం 25 లక్షల రూపాయల బహుమతి ప్రకటించింది.

మా ఊళ్లో క్రికెట్ శిక్షణకు పిల్లలను తీసుకువచ్చే తండ్రులు కొందరు ఈ కథను ఒక మార్గదర్శిలాగా చెప్పుకోవడం విన్నాను. ఉద్యోగం మానేద్దామా అని ఆలోచిస్తున్నవారు కూడా ఉన్నారు. వారితో నేను అనే మాట ఒక్కటే. ఆ తండ్రి త్యాగం నిజం, దానికి చేతులెత్తి నమస్కరించాలి. కానీ ఆ త్యాగం ఒక్కటే ఫలితం ఇవ్వలేదు. 1,237 పరుగులు చేసిన సీజన్, ప్రతిభను గుర్తించి బాధ్యత తీసుకున్న సంఘం, ఎన్నో ఏళ్లు ఓపికగా నేర్పిన గురువులు కూడా ఉన్నందువల్లే అది ఫలించింది. ఇంటి పోషణకు వేరే దారి లేకుండా జీతం వదులుకోవడమంటే పిల్లవాడి భుజాల మీద మోయలేని బరువు పెట్టడమే అవుతుంది. నితీశ్ ఆ బరువు మోశాడు, కానీ అందరు పిల్లలూ మోయగలరని అనుకోవడం న్యాయం కాదు.

ఆంధ్ర నుంచి భారత జట్టులోకి వెళ్లిన దారి కూడా పూర్తిగా ఖాళీ దారేమీ కాదు. ఎమ్మెస్కే ప్రసాద్ గారే 1999-2000లో ఆస్ట్రేలియాలో టెస్టులు ఆడారు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి నడవడమే కష్టమైన స్థితిలో 161 బంతులాడి 23 పరుగులతో అజేయంగా నిలిచి, అశ్విన్‌తో కలిసి టెస్టును కాపాడాడు. విశాఖకే చెందిన కేఎస్ భరత్ 2023లో నాగ్‌పుర్‌లో టెస్టు అరంగేట్రం చేశాడు. ఆస్ట్రేలియా గడ్డమీద నితీశ్ చూపిన ఓపిక ఉన్నట్టుండి ఎక్కడి నుంచో ఊడిపడినది కాదని విహారి ఇన్నింగ్స్ గుర్తున్నవారికి తెలుస్తుంది.


ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. అయితే మొదటి సమాధానం రాసినవారిని ఒక మాట అడగాలి. ఆస్ట్రేలియాలో 298 పరుగులు సరే. కానీ అదే మెల్‌బోర్న్ రెండో ఇన్నింగ్స్‌లో 1, సిడ్నీలో 0, 4, బర్మింగ్‌హామ్‌లో 1, 1. లార్డ్స్‌లో 30, 13. ఢిల్లీలో 43. నవంబరులో గువాహటిలో దక్షిణాఫ్రికాపై 10, 0. ఆ టెస్టులో మనం 408 పరుగుల తేడాతో ఓడాం. ఇన్ని ఇన్నింగ్స్‌లలో ఒక్క అర్ధశతకం కూడా లేదు. ఇదే మరొక రాష్ట్రపు ఆటగాడైతే మనం ఇంత ఓర్పుగా మాట్లాడతామా? అతన్ని రాష్ట్ర జట్ల మధ్య జరిగే రంజీ ట్రోఫీకి పంపించి తిరిగి పరుగులు చేసి రమ్మనడం అతనికే మేలు కాదా?


మొదటి సమాధానం రాసినవారు

మీ ప్రశ్నలో న్యాయం ఉంది, తోసిపుచ్చను. మన కుర్రవాడని చూసీచూడనట్టు వదిలేస్తే అది అభిమానం కావచ్చు కానీ అంచనా కాదు.

అయినా ఆ అంకెలను వాటి చోటుతో కలిపి చదవాలి. బర్మింగ్‌హామ్‌లో భారత్ మొదటి ఇన్నింగ్స్‌లో 587 చేసింది; అక్కడ నితీశ్ వోక్స్ బంతిని వదిలేసి బౌల్డ్ అయ్యాడు. అది అతని పొరపాటే, కదిలే బంతికి ఆఫ్‌స్టంప్ ఎక్కడుందో అంచనా తప్పాడు. లార్డ్స్ రెండో ఇన్నింగ్స్ వేరే రకం. 193 లక్ష్యంలో 82కే ఏడు వికెట్లు పడిన చోట జడేజాతో కలిసి గంటకు పైగా నిలబడి, భోజన విరామానికి ముందు వోక్స్ బౌలింగ్‌లో ఔటయ్యాడు. ఆ 13 పరుగులు స్కోరుకార్డులో చిన్నవే, కానీ 22 పరుగుల తేడాతో ఓడిన మ్యాచ్‌లో ఆ భాగస్వామ్యం లేకుంటే పోరాటమే ఉండేది కాదు. ఢిల్లీలో ఐదో స్థానంలో పంపితే 43 చేశాడు, డిక్లరేషన్ కోసం వేగంగా ఆడవలసిన సమయంలో. గువాహటిలో రెండు ఇన్నింగ్స్‌లూ విఫలమయ్యాడు, అందుకు సాకులు వెతకను.

నన్ను కలవరపెట్టేది ఈ అంకెల కంటే అతని పాత్ర మారుతూ పోవడం. ఏడాది కాలంలో ఐదో స్థానం నుంచి ఎనిమిదో స్థానం దాకా అన్నిచోట్లా దిగాడు. ఒక టెస్టులో పదిహేను ఓవర్లకు పైగా వేస్తాడు, మరో టెస్టులో బంతి ముట్టుకోడు. ఇరవై రెండేళ్ల వయసులో తన పని ఏమిటో తనకే తెలియని ఆటగాడు కుదురుకోవడం కష్టం. నా అభిప్రాయంలో అతను ప్రధానంగా బ్యాట్స్‌మన్. ఆరో స్థానంలో లేదా ఏడో స్థానంలో, విదేశీ పిచ్‌ల మీద పన్నెండు, పదిహేను ఓవర్లు పంచుకోగల బ్యాట్స్‌మన్. అండర్-16 రోజుల నుంచి అతని ఆటకు పునాది బ్యాటింగే. కాబట్టి స్వదేశంలో స్పిన్ పిచ్‌లపై జట్టులో ఉన్నా బెంచీ మీద కూర్చున్నట్టే ఉండే బదులు, ఆంధ్ర తరఫున రంజీలో ఆడాలన్న మీ మాటకు నేను పూర్తిగా మద్దతిస్తాను. అది అతన్ని శిక్షించినట్టు కాదు. పై సభ్యుడు చెప్పిన ఓవర్లు, నేను కోరుకుంటున్న పెద్ద ఇన్నింగ్స్‌లు రెండూ అతనికి దొరికేది అక్కడే.


రెండో సమాధానం రాసినవారు

ఒక్క విషయం చేరుస్తాను. మీరు అతన్ని ప్రధానంగా బ్యాట్స్‌మన్ అనడం సబబే కానీ, బౌలింగ్‌ను మరీ తక్కువ చేయకండి. 2025 డిసెంబరులో పుణెలో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీలో మధ్యప్రదేశ్‌పై ఆంధ్ర 112 పరుగులకే ఆలౌటైంది. అంత తక్కువ స్కోరును కాపాడవలసిన మ్యాచ్‌లో నితీశ్ కొత్త బంతితో హ్యాట్రిక్ తీశాడు. ఆ మూడు వికెట్లలో రజత్ పాటీదార్‌ది ఒకటి. మ్యాచ్ ఓడిపోయారు, కానీ తన జట్టు తరఫున బాధ్యతగా బంతి చేతికిచ్చినప్పుడు అతను ఎలా స్పందిస్తాడో ఆ రోజు తెలిసింది. భారత జట్టులో నాలుగో పేసర్‌గా ముప్పైయో ఓవర్ తర్వాత వచ్చి రెండు ఓవర్లు వేయడానికీ, సొంత జట్టుకు కొత్త బంతితో బౌలింగ్ మొదలుపెట్టడానికీ చాలా తేడా ఉంది.

అందుకే రంజీలో అతను ఆడినప్పుడు స్కోరుకార్డులో పరుగులతో పాటు ఇన్నింగ్స్‌కు ఎన్ని ఓవర్లు వేశాడో, ఆ ఓవర్లు ఎన్ని స్పెల్స్‌లో (విడతల్లో) వేశాడో కూడా చూడమని మీ అందరినీ కోరుతున్నాను. మొదటి రోజు ఉదయం ఐదు, ఆరు ఓవర్ల స్పెల్ వేసి, సాయంత్రం మళ్లీ వచ్చి, రెండో రోజు కూడా అదే పట్టుతో వేయగలిగితే శరీరం దారికి వచ్చినట్టు. వరుసగా నాలుగైదు మ్యాచ్‌లు అలా గడిస్తే, తర్వాతి విదేశీ పర్యటనకు అతని పేరు నాలుగో పేసర్‌గా నిస్సంకోచంగా రాయవచ్చు. ఒకవేళ శరీరం సహకరించకపోతే అతను బ్యాట్స్‌మన్‌గానే ఆరో స్థానం కోసం పోటీపడాలి, అప్పుడు అతని పరుగులను మిగతా బ్యాట్స్‌మెన్ పరుగులతోనే పోల్చాలి. ఈ రెంటిలో ఏది జరగబోతోందో మరో రంజీ సీజన్ పూర్తిగా ఆడితే మనకు తెలుస్తుంది, అతనికీ తెలుస్తుంది.